సాక్షి పీట

మార్గశిరం, శుద్ధ తదియ

సాక్షి పీట మీద కూర్చున్నవాడు ఈ పుస్తకంలో రోజూ రెండు ముక్కలు రాయాలట. విమానం కన్ను తనని చూసిందా? గట్టు దాకా సాగనంపిందా? అంతే. నాకు ముందు కూర్చున్నాయన ఏడాది పొడుగునా "చూసింది. సాగనంపింది" అని రాసుకుంటూ పోయాడు. పాపం, ఆయనకి చెప్పుకోవడానికి సంతోషమేదీ లేదేమో. నాకుంది. రెండు ముక్కల్లో పట్టేది కాదు. నా చదువు ఐదో తరగతితో ఆగింది. తప్పులుంటే చదివేవారు పెద్ద మనసు చేసుకోండి.

మా పైడమ్మ పడవ దించింది! సొంత పడవ! నా కూతురు! కాలం చేసిన వాళ్ళమ్మ పేరే పెట్టింది, చిలకమ్మ అని. దానికి పసుపు రంగు వేసింది. ఈ మంచులో పసుపైనా నలుపైనా ఒకటే, పది బారల దూరం పోతే ఏదీ కనిపించదు. అయినా పసుపే వేసింది. "సముద్రానికి తెలుస్తాదిలే అయ్యా" అంది.

కడలి మీద మనిషి ఉన్న ఇంటివాళ్ళే పీట మీద కూర్చోవాలని మా గట్టు ఊరి కట్టుబాటు. ఇన్నాళ్ళూ నాకా అర్హత లేదు. ఇవాళ వచ్చింది.

పొద్దున్నే మంచు చెమ్మ పట్టే వలలు పిండి రెండు బిందెల నీళ్ళు పట్టాను. చోడంబలి తాగి, ఉతికిన పంచె కట్టుకుని, కడలిలో చిక్కినవాళ్ళని వెతికే విమానం దగ్గరికి వెళ్ళి, దానికి ఎదురుగా పీట మీద కూర్చున్నాను. విమానం గడ్డం కింద గుమ్మడికాయంత గుండు ఉంటుంది. అందులో కన్ను. అది మొహం చూడదు, రంగు చూడదు. ఒంట్లో వేడిని చూస్తుంది. మంచు ఎంత కమ్మినా దాన్ని ఆపలేదు. ముందు ఎడమకి తిరిగింది, తర్వాత కుడికి, పైకి, కిందికి. చివరికి మధ్యకొచ్చి ఆగింది. మావాళ్ళు దాన్ని 'కన్ను దండం పెట్టుకోవడం' అంటారు. ఆ తర్వాత నావైపు తిరిగింది.

కన్ను బాగోగులు చూసే అమ్మాయి జరీనా. మైదానం చివర గుడిసెలో తెర ముందు కూర్చుంటుంది. మైకులోంచి పిలిచింది.

"తాతగారూ, కదలకండి. మీరు నవ్వుతున్నారు."

"నవ్వు కూడా కనబడతాదా అమ్మా?"

"నవ్వితే బుగ్గలు వేడెక్కుతాయి. తెర మీద రెండు తెల్ల చుక్కలు మెరుస్తున్నాయి."

నవ్వు ఆపుకోవడం నావల్ల కాలేదు. ఆ రెండు చుక్కలతోనే ఇవాళ విమానం లేచింది. చూసింది. సాగనంపింది.

శుద్ధ పంచమి

ఆకాశంలో చంద్రుణ్ణి చూసి ఎన్నేళ్ళయిందో. అయినా పోటు తప్పదు, తిథి తప్పదు. దానికీ దండం.

ఇవాళ జరీనమ్మని అడిగాను, విమానం అంత ఊగుతుంటే కన్ను ఎలా నిలబడుతుందని. ఆ పిల్ల ఎక్కడో ఎగువ పట్నం నుంచి వచ్చింది. పెద్ద చదువు చదివింది. అయినా ముసలాడి ప్రశ్నకి విసుక్కోలేదు. గుడిసె వెనకాల తిరుగుతున్న, టీ కాసే అసిరమ్మప్ప కోడిని పట్టుకొచ్చింది. రెండు చేతుల్తో దాన్ని పైకీ కిందికీ పక్కలకీ ఊపింది. ఒళ్ళంతా ఊగుతోంది గాని కోడి తల గాలిలో మేకు కొట్టినట్టు ఒక్కచోటే ఉంది.

"కన్ను కూడా ఇంతే తాతగారూ. విమానం ఎటు ఊగితే, లోపలున్న సర్వో మోటార్లు దానికి ఎదురు తిరుగుతాయి. ఎంత తిరగమన్నాం, ఎంత తిరిగింది అని అవే కొలుచుకుంటాయి. తేడా ఉంటే దిద్దుకుంటాయి."

"సుక్కాని పట్టుకున్నోడి పనేగా! పడవ ముక్కు చూస్తాం, అటు పోతే ఇటు లాగుతాం."

"అదే! లోపల ఒక వేడి పలక, ఒక చల్ల పలక ఉన్నాయి. రోజూ వాటిని చూసి తన చూపు సరిగ్గా ఉందో లేదో పరీక్ష చేసుకుంటుంది. తిరగడం సరిగ్గా ఉందో లేదో దండం పెట్టి చూసుకుంటుంది."

"మరి నానెందుకు?"

"అవన్నీ తనని తాను అడిగి తెలుసుకునేవి. బయటివాడు ఒకడుండాలి కదా! పీట ఎక్కడుందో దానికి ముందే తెలుసు. దాని మీద మీరున్నారు. మీరు పీట దగ్గర కాకుండా కాస్త పక్కన కనిపించారనుకోండి, తప్పు తనదే అనుకుని చూపు దిద్దుకుంటుంది."

"అంటే నా మాటే నమ్ముతాదా?"

"మీ మాటే."

అంత పెద్ద యంత్రం నా మాట నమ్ముతుందట. ఇంటికొచ్చి పైడమ్మకి చెప్తే, "మనింట్లో ఎవులూ నమ్మరు గదా, దాన్నైనా నమ్మనీ" అని నవ్వింది.

శుద్ధ నవమి

చలి ముదిరింది. ఈ మంచుకాలం మా చిన్నప్పుడు లేదు. అప్పుడీ తీరంలో చలికాలం కూడా చొక్కా విప్పి తిరిగేవాళ్ళమంటే నేటి పిల్లలు నమ్మరు. పీట మీద కదలకుండా కూర్చుంటే కుడి మోకాలు సూదులతో పొడిచినట్టుంది. పాతికేళ్ళు పడవ అంచుకి ఆనించి తొక్కిన మోకాలు మరి.

అసిరమ్మప్ప చూసింది. వరసకి అప్ప గాని, నాకు తల్లి తర్వాత తల్లి. మైదానం పక్కనే బెల్లం టీ కాస్తుంది.

"ఒరే నూకయ్యా! రాయిలాగ కూకున్నావు, సలెయ్యదేట్రా నీకు?"

"సాచ్చి కదలకూడదు అప్పా."

"కదలొద్దన్నారు గాని సావమన్నారేటి?"

వెళ్ళి చిన్న మట్టికుంపటి తెచ్చి, నొప్పి ఉన్న మోకాలి పక్కన పెట్టింది. మా ఊళ్ళో ముసలివాళ్ళు ఎలా చేస్తారో అలాగే శాలువాని నా మీదా కుంపటి మీదా కలిపి కప్పింది. అబ్బ! ఆ వెచ్చదనం కాలిలోంచి గుండెలోకి పాకింది. పరీక్ష అయ్యాక కుంపటిని శాలువాలోనే పట్టుకుని గట్టు దాకా నడిచాను. వెనకాల తేనెటీగ మూలిగినట్టు సన్నటి చప్పుడు. కన్ను నన్ను చూస్తూ తిరిగే చప్పుడు అది. కొత్తల్లుణ్ణి సాగనంపినట్టు గట్టు దాకా సాగనంపింది.

ఈ జన్మలో నేనేం పుణ్యం చేశానని ఇందరు నన్ను చూసుకుంటున్నారు!

శుద్ధ ద్వాదశి

నిన్న ఒకాయన పడవ నడికడలిలో ఆగిపోయింది. విమానం వెళ్ళి కన్నుతో వెతికి, ఆయన కనబడ్డ చోట నీళ్ళు, బెల్లం, దీపం కట్టిన పొట్లం పడేసింది. కానీ పొట్లం దూరంగా పడింది. ఆయన తెడ్డేసుకుంటూ పోయి, పడ్డ చప్పుడు పట్టి మరీ తెచ్చుకున్నాడట. ప్రాణాలతో వచ్చాడు, అది చాలు. కానీ మా గట్టు జనం ఊరుకుంటారా?

విమానం నడిపే తవిటినాయుడు టీకి రాగానే అసిరమ్మప్ప అందుకుంది. "ఏటి నాయుడూ, సేపలకి బెల్లం పంపినావంట? బాగున్నాదన్నాయా?"

"గాలి తిరిగిందప్పా."

"గాలి కాదురా, నీ సెయ్యి తిరిగింది. పెళ్ళి సెయ్యమని మీ అమ్మకి సెప్పాను, ఇనిపించుకోదు."

అందరూ నవ్వారు. తవిటినాయుడూ నవ్వాడు. కానీ టీ సగంలోనే వదిలేశాడు. మంచి కుర్రాడు. అతను మంచులో పైకి లేచిన ప్రతిసారీ నా చేతులు వాటంతటవే దండం పెడతాయి.

పౌర్ణమి

పైడమ్మ కవ్వళ్ళ చేపలతో పడవ నింపుకుని వచ్చింది! మొదటి బుట్ట తెచ్చి అసిరమ్మప్ప గుమ్మంలో పెట్టింది. "మా అయ్యకి కుంపటి ఎడుతున్నావంట గదా, ఇది బొగ్గులకి" అంది. అప్ప కళ్ళు తుడుచుకుని, "బొగ్గులకైతే ఇంకో బుట్ట తే, సలి పెరిగింది" అంది. నిజంగానే పెరిగింది. చిన్న కుంపటి తీసేసి పెద్దది పెడుతోంది ఇప్పుడు. దాంతోపాటు కాల్చిన ఇటుక కూడా.

రెండోసారీ పొట్లం తప్పింది. ముందుసారి ఉత్తరాన పడింది, ఈసారి దక్షిణాన. అందుకే గాలి అనే అందరూ అనుకున్నారు. జరీనమ్మ మాత్రం ఒప్పుకోలేదు. కన్నుతో అన్ని పరీక్షలూ మళ్ళీ చేయించింది. వేడి పలక సరే. చల్ల పలక సరే. దండం ఎన్నిసార్లు పెట్టించినా వెంట్రుకవాసి తేడా లేదు.

"దిద్దుబాటు మాత్రం రోజూ ఒకే పక్కకి కొంచెం కొంచెం పెరుగుతోంది తాతగారూ. ఉండాల్సిన హద్దులోనే ఉందిలెండి. చలికి ఇనుము ముడుచుకుంటోందేమో" అంది. పాపం కళ్ళ కింద నల్లటి చారలు. అంబలి చేసి పంపాను.

పైడమ్మ మళ్ళీ బయల్దేరుతోంది. బ్యాటరీ పాతదైందని అంటే, ఈ వేట అయ్యాక మారుస్తానంది. "నువ్వు పీట మీద, నాను నీటి మీద. ఇద్దరం కూకునే పనే కదా అయ్యా. ఏటి బయం?" అంది. ఎంత మాటకారి! వాళ్ళమ్మే.

బహుళ సప్తమి

పైడమ్మ రాలేదు.

నిన్న పొద్దున పోటుకి రావాలి. రేడియో పలకడం లేదు. ఆ బ్యాటరీయే ఆగి ఉంటుంది. అది ఆగితే మోటారూ లేదు, మాటా లేదు. తవిటినాయుడు నిన్నే విమానం లేపాడు. కన్నుకి కనబడింది! కడలి మీద పడవంత చల్లదనం, దాని మధ్యలో మనిషంత వేడి. నా తల్లి బతికే ఉంది. ఆ చోటు లెక్కగట్టి పొట్లం వేశారు, రెండు పడవలు పంపారు. పడవలు ఆ చోటికి వెళ్ళాయి. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. పొట్లం మాత్రం తేలుతూ కనబడిందట, ఎవరూ ముట్టుకోకుండా.

ఇవాళ మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ కనబడింది. మళ్ళీ అక్కడ లేదు.

తవిటినాయుడు మా గుమ్మంలో కూలబడ్డాడు. "పెదనాన్నా, సూసినాను. ఈ కళ్ళతో తెర మీద సూసినాను. సెయ్యి ఊపుతున్నాది. కింద మంచు సముద్రం దాకా దిగిపోనాది, కిందికి దిగితే నాకే ఏటీ కనబడదు. ఎటు ఎల్లమంటే అటు ఎల్లినాం. లేదు."

రెండు రోజులు నిద్ర లేకుండా నా కూతురి కోసం ఎగిరినవాణ్ణి నేనేమంటాను? అంబలి పోశాను. తాగి వెళ్ళాడు.

ఆ పిల్ల దగ్గర నీళ్ళు ఇవాళ్టికే సరిపోతాయి. దేవుడా, దాని ఒంట్లో ఆ కాస్త వేడి నిలుపు.

బహుళ అష్టమి

ఇవాళ్టి సంగతి మొదట్నుంచీ రాస్తాను. రాసింది అర్థం కాకపోతే జరీనమ్మని అడగండి, ఆమెకి అంతా తెలుసు.

పొద్దున పీట దగ్గరికి వెళ్ళాను. కూతురు కడలిలో ఉన్నవాడు కూర్చోకపోతే ఎవరు కూర్చుంటారు? మంచులో నాకంటే ముందే ఊరు వచ్చింది. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. మా గట్టు మీద అంతే, మాట రాకపోతే నిప్పు తెస్తారు. తలా ఒక కుంపటి తెచ్చారు. నొప్పి మోకాలి పక్కన వరసగా పెట్టారు. అసిరమ్మప్ప రెండు శాలువాలు కప్పింది.

కన్ను దండం పెట్టుకుంది. నావైపు తిరిగింది. గుడిసెలోంచి గంట మోగింది. ఆ గంట నేనెప్పుడూ వినలేదు. జరీనమ్మ మైకులో చెప్పింది. "తేడా హద్దు దాటింది. కన్ను తన మీద తనకి నమ్మకం లేదంటోంది."

నమ్మకం లేని కన్నుతో విమానం లేవకూడదు. అది మా కట్టుబాటే. ఎంత మంచి కట్టుబాటో! కానీ ఇవాళ అది నా గుండె మీద బండలా పడింది. విమానం లేవకపోతే పైడమ్మ ఇంక లేనట్టే.

కూర్చోలేకపోయాను. లేచాను. కుంపట్లూ శాలువాలూ వదిలేసి, రేవు దగ్గరికి పోదామని గట్టు వైపు నడిచాను. మైదానం హద్దుకి తాడు కట్టిన చోటుకి రాగానే కాళ్ళు ఆగిపోయాయి. ఏదో తక్కువైంది. ఏమిటో వెంటనే తోచలేదు. తర్వాత తెలిసింది, ఆ చప్పుడు లేదు. రోజూ వెనకాల వచ్చే తేనెటీగ మూలుగు లేదు.

వెనక్కి వచ్చి చూశాను. విమానం గడ్డం కింద కన్ను కదలకుండా పీట వైపే చూస్తోంది. చేతులు ఊపాను. "ఇటు! ఇటున్నాను!" అని అరిచాను. పిచ్చివాణ్ణి, దానికి చెవులున్నాయా? అది నావైపు తిరగలేదు. నిజం రాస్తున్నాను, దాన్నే అడిగాను. ఇన్నాళ్ళూ నువ్వు చూసింది నన్ను కాదా?

అప్పుడే జరీనమ్మ గుడిసెలోంచి పరిగెత్తుకొచ్చి మంచులో నన్ను గుద్దుకుంది.

"తాతగారూ! మీరు పీట మీద లేరా? మరి తెర మీద మనిషి..." అని ఆగిపోయింది. కన్ను వైపు చూసింది. అది చూస్తున్న వైపు చూసింది. నా చెయ్యి పట్టుకుని పీట దగ్గరికి లాక్కెళ్ళింది.

పీట ఖాళీ. దాని పక్కన శాలువా గుడారం. అందులోంచి ఎర్రగా వెలుతురు. పక్కన అసిరమ్మప్ప వంగి బొగ్గులు ఊదుతోంది. నేను తిరిగొస్తే చలేస్తుందని.

జరీనమ్మ వంగింది. శాలువా ఎత్తింది.

"ఇవి ఎప్పట్నించి?"

"సలి మొదలైన కాడ్నించి" అంది అప్ప. "ముందు సిన్నది. తర్వాత పెద్దది. ఇయాళ అందరూ తెచ్చినారు."

"ఎప్పుడూ ఇటు పక్కేనా?"

"ఆడికి కుడి మోకాలే కదా నొప్పి."

ఆ పిల్ల తల పట్టుకుంది. తర్వాత మంచులోకి కేక వేసింది. "నాయుడూ! మన పొట్లాలు ఎటు పడ్డాయి?"

విమానం పక్కనుంచి తవిటినాయుడి గొంతు వచ్చింది. "ఒకపాలి ఉత్తరం, ఒకపాలి..."

"దిక్కులు కాదు! నువ్వు కూర్చున్న సీటులోంచి చెప్పు. నీ చేతికి ఎటు?"

గాలిలో చేతులు తిప్పుకుని చూసుకున్నాడట. "కుడి... జరీనా, అన్నీ కుడిసేతి పక్కే."

ఆమె నాకు చెప్పిన సంగతి నా మాటల్లో రాస్తాను. కన్నుకి నేనూ కుంపటీ కలిసి ఒకే మనిషిలా కనబడ్డాం. ఆ వేడికి నడిమధ్య ఎక్కడుందో అక్కడే నేనున్నానని అనుకుంది. పీట అక్కడ లేదు కదా! ఎదురుగా ఉన్న దానికి నా కుడి అంటే ఎడమ; అందుకని తన చూపే ఎడమకి తప్పిందని, నా మాట నమ్మి, కుడికి దిద్దుకుంది. చిన్న కుంపటికి కొంచెం, పెద్ద కుంపటికి ఇంకొంచెం. సరిగ్గా ఉన్న కన్నుని రోజూ ప్రేమగా పక్కకి తిప్పాం. పైడమ్మని అది నిజంగానే చూసింది. ఎటు చూస్తున్నానో చెప్పడంలోనే తప్పింది. రేవు మొగలో చుక్కాని వేలెడు తప్పితే పడవ వేరే ఊరు చేరుతుంది. ఇదీ అంతే, ఇక్కడ జానెడు, అక్కడ కడలంత.

అసిరమ్మప్ప చేతిలో ఊదుగొట్టం కింద పడింది. "నా సేతుల్తోనేట్రా..." అంది.

"అప్పా, నువ్వు నిప్పు తెచ్చావు. నాను కప్పుకున్నాను. ఇందులో ఎవులిది తప్పు?"

"నాది" అంది జరీనమ్మ. "ఒక్కరోజైనా గుడిసెలోంచి బయటికొచ్చి ఆయన్ని నా కళ్ళతో చూడలేదు. తర్వాత ఏడుద్దాం అప్పా, కుంపట్లు తియ్యండి. తాతగారూ, శాలువా వద్దు. చొక్కా కూడా వద్దు. ఒక్కరే కూర్చోండి."

ఊరంతా కుంపట్లు ఎత్తుకుని తాడు అవతలికి పోయింది. నేను చొక్కా విప్పి పీట మీద కూర్చున్నాను. చలి కత్తిలా దిగింది. ఒళ్ళు ఒక్కసారి వణికి, తర్వాత వణకడం కూడా మానేసింది.

కన్ను నావైపు తిరిగింది. వెతికింది. అటు ఇటు తచ్చాడింది.

"తాతగారూ, మీరు చల్లబడిపోతున్నారు. మంచులో కలిసిపోతున్నారు. సరిగ్గా అందడం లేదు." మైకులో అంది జరీనమ్మ. మళ్ళీ అంది, "తాతగారూ, నవ్వండి."

కూతురు కడలిలో దాహంతో ఉంటే నవ్వమంటుంది! కోపం రాలేదు. ఆ పిల్ల నన్ను అడగగలిగింది అదొక్కటే, నేను ఇవ్వగలిగిందీ అదొక్కటే. కళ్ళు మూసుకున్నాను. పడవ దించిన రోజు గుర్తుచేసుకున్నాను. పసుపు రంగు చేతులకి అంటి, నుదుటికి అంటి, చెవి దాకా అంటి, "బాగున్నానా అయ్యా?" అని అడిగింది. "పెళ్ళికూతురిలా ఉన్నావు" అన్నాను. "పెళ్ళికొడుకేడీ?" అని నేను అడిగితే సముద్రం వైపు చెయ్యి చూపింది.

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ వేడివే.

"దొరికారు! రెండు చుక్కలు! కదలకండి!"

తేనెటీగ మూలిగింది. కన్ను దిద్దుకుంది. ఎంత పెద్ద దిద్దుబాటో, గుండు కదలడం నా కళ్ళకే కనబడింది. లేచి గట్టు వైపు నడిచాను. అది నా వెంట తిరిగింది. ఈసారి నన్నే. నన్నొక్కణ్ణే.

విమానం లేచింది. అసిరమ్మప్ప నాకు శాలువాలన్నీ చుట్టి, టీ పోసి, గడ్డం పట్టుకుని తాగించింది. రేడియో దగ్గర ఊరంతా నిలబడింది. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చాలాసేపటికి తవిటినాయుడు పలికాడు. "కనబడినాది. పొట్లం ఏసినాను." తర్వాత రేడియోలో హోరు ఒక్కటే. ఆ తర్వాత ఉండబట్టలేక అరిచాడు. "తీసుకున్నాది! పెదనాన్నా, పొట్లం తీసుకున్నాది! సేతి మీద పడినట్టు పడినాది!"

అప్ప నన్ను పట్టుకుంది. నేను అప్పని పట్టుకున్నాను. ఎవరు ఎవర్ని నిలబెట్టామో తెలియదు. పడవలు బయల్దేరాయి.

బహుళ నవమి

వచ్చింది. నా తల్లి వచ్చింది.

పెదాలు పగిలి, చేతులు తెడ్డుకి ఒరుసుకుపోయి ఉన్నాయి. రెండు పడవల మధ్య పసుపు పడవని లాక్కుంటూ వచ్చారు. నీళ్ళు తాగి మొదటి మాట తవిటినాయుడితో అంది.

"రెండు రోజులు సేపలకి బెల్లం ఏసి, మూడో రోజుకి నా మీద దయ కలిగిందేట్రా?"

అతను నేల మీద కూర్చుని నవ్వుతూ ఏడ్చాడు.

తర్వాత చెప్పింది. విమానం పైన తిరిగిన ప్రతిసారీ చప్పుడు విందట. చెయ్యి ఊపిందట. ఎక్కడో పక్కన నీళ్ళలో దబ్బుమని చప్పుడు. అటు తెడ్డేసింది, దొరకలేదు. "నన్నే సూస్తున్నాదని తెలుస్తానే ఉంది అయ్యా. కాని పక్కోళ్ళని పలకరించినట్టుంది" అంది.

కుంపట్ల సంగతి చెప్పాను. అసిరమ్మప్ప మొహం తిప్పుకుంది. పైడమ్మ లేచి వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. "సలేస్తున్నాదప్పా, కుంపటి ఎట్టు" అంది. అప్ప ఊళ్ళో ఉన్న కుంపట్లన్నీ దాని చుట్టూ పెట్టింది.

ఎవరికని దండం పెట్టను? గంట మోగించిన కన్నుకా? నమ్మకం లేనప్పుడు లేవద్దని ఎప్పుడో కట్టుబాటు పెట్టిన పెద్దలకా? ఏ పేరూ తెలియని ఆ పెద్దలకా? కోడిని ఊపిన చేతులకా? నిప్పు తెచ్చిన వాళ్ళందరికా? ఆ నిప్పు తీసుకెళ్ళిన వాళ్ళకా? వరసగా అందరికీ పెట్టాను. చివర్లో నా కుడి మోకాలికి కూడా. ఎప్పుడూ ఒకే పక్క నొప్పి పెట్టబట్టే కదా, తప్పు ఎటు ఉందో తెలిసింది!

మార్గశిరం, అమావాస్య

కొత్త బ్యాటరీ వేశారు. పైడమ్మ ఇవాళ మళ్ళీ వేటకి బయల్దేరుతోంది. వద్దని అనాలనుకున్నాను, నోరు రాలేదు. పడవ నడపనివ్వకుండా దాన్ని ఒడ్డున కూర్చోబెడితే, దొరికిన బిడ్డని నేనే మళ్ళీ పోగొట్టుకున్నట్టు.

బయల్దేరే ముందు పీట దగ్గరికి వచ్చింది. పక్కన కూర్చుంటానంది.

"వద్దు తల్లీ. నువ్వూ వేడివే. తాడు అవతల నిలబడు."

జరీనమ్మ ఇప్పుడు గుడిసెలోకి పోయే ముందు రోజూ పీట దాకా నడిచొస్తుంది. నా చుట్టూ తిరిగి, శాలువా ఎత్తి చూస్తుంది. "ఏం దాచారు తాతగారూ?" అంటుంది. "ముసిలితనం తప్ప ఏటీ లేదమ్మా" అంటాను. తాడు అవతల అసిరమ్మప్ప టీ పట్టుకుని నిలబడి ఉంటుంది. పరీక్ష అయ్యేదాకా అది నాకివ్వదు, తానూ తాగదు.

ఒక్కణ్ణే కూర్చున్నాను. ఎంత చలో! మోకాలు, వేళ్ళు, చెవులు, అంతా చలి. ఇంత హాయైన చలిని నా జన్మలో ఎరగను.

నాకు ముందు కూర్చున్నాయన్ని మొదటిరోజు తక్కువ చేసి రాశాను. ఆయన కొడుకు కూడా కడలి మీదకే వెళ్ళేవాడట. ఇవాళ నాకూ ఆ రెండు ముక్కల కంటే ఎక్కువ రావడం లేదు.

చూసింది. సాగనంపింది.